మాటలకూ బదిలీలుంటాయి

నేను ఆరో తరగతిలో ఉండగా, సంవత్సరం మధ్యలో నాన్నగారికి విశాఖపట్నం నుంచి భోపాల్‌కు బదిలీ అయింది. కొత్త బడిలో మొదటిరోజు పక్కనున్న అమ్మాయి నోటుపుస్తకంలోంచి టైమ్‌టేబుల్ రాసుకున్నాను. మంగళవారం మూడో పీరియడ్ దగ్గర మూడు అక్షరాలు ఉన్నాయి: ఎస్.ఎస్.టి. అదేదో ఆటలకు సంబంధించిందనుకుని ఆ రోజు పుస్తకం తీసుకెళ్లలేదు. మేడమ్ లోపలికి రాగానే అందరూ సాంఘికశాస్త్రం పుస్తకాలు తీశారు. నేనొక్కదాన్నే లేచి నిలబడాల్సి వచ్చింది. "ఎస్.ఎస్.టి. అంటే కూడా తెలియదా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. తరగతంతా నవ్వింది.

నిజానికి ఆ సబ్జెక్టు నాకు ఇష్టమైనదే. విశాఖలో మేమంతా దాన్ని "సోషల్" అనేవాళ్లం. సోషల్ స్టడీస్ అనే ఒకే పేరును అక్కడి పిల్లలు ఒక చోట కత్తిరించుకున్నారు, ఇక్కడి పిల్లలు ఇంకో చోట. నాకు రానిది పాఠం కాదు, ఆ కత్తిరింపు మాత్రమే.

నెల తిరిగేసరికి నేనూ ఎస్.ఎస్.టి. అనడం మొదలుపెట్టాను. వేసవి సెలవులకు విజయనగరంలో అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు మావయ్య కొడుకుతో "ఎస్.ఎస్.టి.లో నాకు ఎన్ని మార్కులొచ్చాయో తెలుసా?" అన్నాను. వాడు నా మొహంలోకి అయోమయంగా చూశాడు. భోపాల్‌లో నేను చూసిన చూపే అది! ఆ రోజు నుంచి నాకొక సందేహం పట్టుకుంది. ఒక చిన్న గుంపు తనలో తాను అనుకునే ఈ పొట్టి మాటల్లో కొన్ని అక్కడే ఆగిపోతాయి, కొన్ని మాత్రం ప్రపంచమంతా తిరిగి అందరి మాటలైపోతాయి. ఎందుకని? ఇంగ్లీషులో అలాంటి మాటలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో కొన్నిటి కథ ఇక్కడ చెబుతాను.

అమ్మమ్మ నోట సగం మాటలు

మా అమ్మమ్మ ఇంగ్లీషు చదువుకోలేదు. అయినా ఆమె ఒక్కరోజులో వాడే మాటలు చూడండి. మేము "బస్సు" దిగి వచ్చాం. పెరుగు "ఫ్రిజ్జు"లో ఉంది. గుళ్లో "మైకు" పెట్టారు. గోడమీద తాతగారి "ఫోటో" ఉంది. మావయ్య "ఫోను" చేశాడు. సాయంత్రం టీవీలో "సినిమా" ఉంది. ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటల్లాగే వినిపిస్తాయి. కానీ వీటిలో ఒక్కటి కూడా పూర్తి మాట కాదు. ఇవి వరసగా ఆమ్నిబస్, రిఫ్రిజిరేటర్, మైక్రోఫోన్, ఫోటోగ్రాఫ్, టెలిఫోన్, సినిమాటోగ్రాఫ్ అనే పొడుగు మాటల ముక్కలు. టీవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. సినిమా అనే మాట ఫ్రాన్సులోనే పొట్టిదై, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి, మన భాషల్లోకి వచ్చింది. 1895లో లూమియేర్ సోదరులు తమ యంత్రానికి పెట్టిన పేరు సినిమాటోగ్రాఫ్.

ఈ కత్తిరింపులకు కొన్ని పద్ధతులు ఉన్నాయి. ఎక్కువ మాటల్లో తల మిగిలి తోక పోతుంది. ఎగ్జామినేషన్ ఎగ్జామ్ అయింది, లేబొరేటరీ ల్యాబ్ అయింది, జిమ్నేసియం జిమ్ అయింది. కొన్నిటిలో తల పోయి తోక మిగులుతుంది. టెలిఫోన్ ఫోన్ అయింది, ఏరోప్లేన్ ప్లేన్ అయింది, కారవాన్ వ్యాన్ అయింది. కొన్నిటిలో రెండు వైపులా పోయి నడుమ మాత్రమే మిగులుతుంది. ఇన్‌ఫ్లుయెంజా నుంచి ఫ్లూ, రిఫ్రిజిరేటర్ నుంచి ఫ్రిజ్ అలా వచ్చినవే. ఇక నాలుగో రకంలో ప్రతి మాటకూ మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. మన ఎస్.ఎస్.టి. దాదాపు ఆ రకమే.

ఒకే మాట రెండు ముక్కలై, రెండు ముక్కలూ బతికిన సందర్భం కూడా ఉంది. క్యాబ్రియోలే అనేది రెండు చక్రాల తేలికపాటి గుర్రపుబండి. దాన్ని లండన్ జనం క్యాబ్ అన్నారు. తరువాత కిరాయి లెక్కగట్టే టాక్సీమీటర్ అనే పరికరాన్ని అద్దె బండ్లకు బిగించడంతో అవి టాక్సీక్యాబ్‌లు అయ్యాయి. ఆ మాటా పొడుగ్గానే అనిపించింది కాబోలు, కొందరు టాక్సీ అన్నారు, కొందరు క్యాబ్ అన్నారు. ఇప్పుడు హైదరాబాదులోనైనా లండన్‌లోనైనా రెండూ వినిపిస్తాయి.

"అందరికీ" అనే మాటలో మిగిలిన తోక

వీటన్నిటిలో నాకు బాగా నచ్చినది బస్సు కథ. 1826లో ఫ్రాన్సులోని నాంత్ పట్టణంలో, ఆ తరువాత పారిస్‌లో, డబ్బు ఇచ్చిన ఎవరైనా ఎక్కగలిగే పెద్ద గుర్రపుబండ్లు నడిచాయి. వాటిని ఆమ్నిబస్ అన్నారు. లాటిన్ భాషలో ఆ మాటకు "అందరికీ" అని అర్థం. పారిస్‌లో బండ్లు తయారుచేసిన అనుభవమున్న జార్జ్ షిల్లిబియర్ అనే ఇంగ్లీషువాడు 1829 జులై 4న లండన్‌లో అలాంటి సర్వీసు మొదలుపెట్టాడు. మూడు గుర్రాలు లాగే ఆ బండి పాడింగ్టన్ నుంచి బ్యాంక్ ప్రాంతం దాకా వెళ్లేది. కొద్ది సంవత్సరాల్లోనే జనం నోట ఆమ్నిబస్ కాస్తా బస్ అయింది.

ఇక్కడ తమాషా ఏమిటంటే, లాటిన్‌లో అసలు అర్థమంతా "ఆమ్ని" అనే భాగంలో ఉంది. చివరి "బస్" అనేది మన "కి", "కు" లాంటి విభక్తి ప్రత్యయంలో భాగం. అంటే "అందరికీ" అనే మాటలో "అందరి" తీసేసి, "మేం కీ ఎక్కి ఊరెళ్లాం" అన్నట్టు! వ్యాకరణం తెలిసిన పండితుడు ఎవరూ అలా కత్తిరించడు. కానీ బండి ఎక్కే కూలీకి, దిగే గుమాస్తాకు లాటిన్ వ్యాకరణంతో పనేముంది? పిలిస్తే బండి ఆగాలి, అంతే. ఆ తోకే ఇప్పుడు మన పల్లెల దాకా వచ్చింది.

గుంపులో పుట్టడం

పొట్టి మాటలు ఎందుకు పుడతాయి? మొదటి కారణం అందరికీ తెలిసిందే. తరచుగా అనాల్సిన మాట పొడుగ్గా ఉంటే నోరు విసుగుపడుతుంది. జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1930లలో మాటల లెక్కలు తీసి, ఒక భాషలో ఎంత ఎక్కువగా వాడే మాటలైతే అవి అంత పొట్టిగా ఉండే ధోరణి కనిపిస్తుందని చూపించాడు. డాక్టరుకు రోజూ వచ్చే మాట మనకు ఏడాదికి ఒకసారి రావచ్చు. కాబట్టి అది డాక్టర్ల మధ్య పొట్టిదవుతుంది, మన దగ్గర పొడుగ్గానే ఉంటుంది.

రెండో కారణం దగ్గరితనం. మన పేర్లనే తీసుకోండి. బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు అని ఉన్నవాడు ఇంట్లో వెంకీ, సుబ్రహ్మణ్యం ఇంట్లో సుబ్బు. ఆ పొట్టి పేరు అయినవాళ్లకే చెల్లుతుంది. కొత్తగా వచ్చినవాడు మొదటిరోజే అలా పిలిస్తే మనకు చిరాకేస్తుంది. పొట్టి మాటలూ అంతే. పూర్తి మాట తెలిసినవాళ్ల మధ్యే అవి పుడతాయి. "మనకు తెలుసు, మనం ఒకటి" అనే భావం వాటిలో ఉంటుంది. అందుకే అవి ఎక్కువగా ఒకేచోట కలిసి ఉండే గుంపుల్లో పుట్టాయి.

అలాంటి గుంపుల్లో మొదటివాళ్లు విద్యార్థులు. ఎగ్జామ్, ల్యాబ్, జిమ్, ప్రొఫెసర్‌కు ప్రొఫ్, డార్మిటరీకి డార్మ్ వంటివన్నీ చదువుకునే చోట్ల వాడుకలోకి వచ్చి బయటికి నడిచినవే. మ్యాథమెటిక్స్‌ను బ్రిటిష్ విద్యార్థులు మ్యాథ్స్ అన్నారు, అమెరికన్ విద్యార్థులు మ్యాథ్ అన్నారు. మనం బ్రిటిష్ వారి దారిలో మ్యాథ్స్ అంటున్నాం. నాకు సోషల్‌కూ ఎస్.ఎస్.టి.కీ మధ్య జరిగిందే రెండు దేశాల మధ్యా జరిగింది.

రెండో గుంపు సైనికులు. మన బడిలో సైన్యంలో పనిచేసేవారి పిల్లలు చాలామంది ఉన్నారు, వారికి ఇది బాగా తెలుసు. అమ్యునిషన్ అనే మాట సైనికుల నోట అమ్మో అయింది. శత్రువు ఉన్న చోటును ముందుగా చూసి రావడాన్ని రికానసెన్స్ అంటారు. దాన్ని బ్రిటిష్ సైనికులు రెక్కీ అన్నారు. ఇవాళ తెలుగు పత్రిక తెరిస్తే "దొంగలు ముందుగా ఆ ఇంటి దగ్గర రెక్కీ నిర్వహించారు" అని వార్త కనిపిస్తుంది. సైనికుల మాట దొంగతనాల వార్తలోకి ఎలా వచ్చిందో చూడండి. అది చదివేవాళ్లలో చాలామందికి పూర్తి మాట తెలియదు. తెలియకపోయినా అర్థానికి లోటు రాలేదు.

గుంపు దాటడం

అసలు మలుపు ఇక్కడే ఉంది. పూర్తి మాట తెలియనివాళ్లు కూడా ఆ పొట్టి మాటను వాడటం మొదలుపెట్టినప్పుడే అది యాస మాట కాకుండా అందరి మాట అవుతుంది. అలా కావాలంటే దాన్ని ఎవరో ఒకరు మోసుకుని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్లాలి. చదువు ముగించి ఉద్యోగాలకు వెళ్లే విద్యార్థులు, సెలవు మీద ఇంటికొచ్చే సైనికులు, నావికులు, వ్యాపారులు, వారితో వెళ్లే పిల్లలు ఆ పని చేశారు. తరువాత పత్రికలు, పాటలు, రేడియో, సినిమా కూడా చేశాయి.

జూ కథ వినండి. లండన్‌లో జంతుశాస్త్ర సంఘం వారి తోట 1828లో మొదలైంది. దాని పేరు జువలాజికల్ గార్డెన్స్. మొదట్లో అది పండితులకు, సంఘ సభ్యులకు, వారి అనుమతి ఉన్నవారికే. 1847లో డబ్బు చెల్లించే మామూలు జనాన్ని కూడా రానిచ్చారు. పిల్లాపాపలతో వచ్చే జనానికి అంత పొడుగు పేరు నోరు తిరగలేదు, జూ అన్నారు. 1860ల చివర ఆల్‌ఫ్రెడ్ వాన్స్ అనే హాస్యగాయకుడు జూలో షికారు గురించి పాడిన పాట ఊరంతా మోగడంతో ఆ మాట ఇంకా స్థిరపడింది. గేటు తెరిచాక లోపలికి జనం వచ్చారు, బయటికి మాట వెళ్లింది.

పెద్ద రచయిత ఓడిపోయిన పోరాటం

ఈ పొట్టి మాటల్ని ఎవరూ ఆపడానికి ప్రయత్నించలేదా? ప్రయత్నించారు. గలివర్ ప్రయాణాలు రాసిన జోనథన్ స్విఫ్ట్ పేరు మనకు తెలుసు. ఆయన 1710లో టాట్లర్ అనే పత్రికలో ఒక వ్యాసం రాసి, మాటల తోకలు కోసేవారి మీద మండిపడ్డాడు. రెప్యుటేషన్‌ను రెప్ అనడం, పాజిటివ్‌ను పోజ్ అనడం, మొహానికి వాడే ఫిజియోగ్నమీని ఫిజ్ అనడం ఆయనకు నచ్చలేదు. అన్నిటికంటే మాబ్ అనే మాట మీద ఆయనకు కోపం ఎక్కువ. చంచలమైన జనసమూహం అనే అర్థమిచ్చే మొబిలే వుల్గుస్ అనే లాటిన్ మాటకు అది ముక్క. దాన్ని ఆపడానికి కొన్నేళ్లుగా ఎంతో ప్రయత్నించాననీ, ఎదుటివారి సంఖ్యాబలం ముందు ఓడిపోయాననీ ఆయనే ఒప్పుకున్నాడు.

ఆయన తిట్టిన మాటలకు తరువాత ఏమైంది? పోజ్, ఫిజ్ దాదాపు మాయమయ్యాయి. మాబ్ మాత్రం నిలిచింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తయారుచేసిన ప్రసిద్ధ నిఘంటువులో దానికి చోటు దొరికింది. ఇవాళ అది పత్రికల్లో, కోర్టు తీర్పుల్లో గంభీరంగా కనిపించే మాట. ఒకే పండితుడు ఒకే వ్యాసంలో తిట్టిన మాటల్లో కొన్ని పోయాయి, ఒకటి నిలిచింది. కాబట్టి పోవడానికీ నిలవడానికీ కారణం ఆ తిట్లు కాదు. మాబ్ అనే మాటతో చెప్పగలిగే సంగతిని చెప్పడానికి జనానికి ఇంకో చిన్న మాట లేకపోయింది. మొహం అనడానికి మాత్రం ఫేస్ అనే చిన్న మాట ఉండనే ఉంది.

మనకూ ఇలాంటి పోరాటం తెలియనిది కాదు. పుస్తకాల్లో గ్రాంథికం తప్ప మరొకటి ఉండకూడదని పండితులు పట్టుబట్టిన రోజుల్లో, జనం మాట్లాడే భాషే చదువుకూ రాతకూ తగినదని గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. "చేయుచున్నాను" అనేది "చేస్తున్నాను" అయినప్పుడు కూడా మాట కొంత చిక్కింది. ఇప్పుడు నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ చిక్కిన మాటల్లోనే.

సరదాగా పుట్టి ప్రపంచం చుట్టిన రెండక్షరాలు

అక్షరాలతో చేసిన పొట్టి మాటల్లో అన్నిటికంటే అదృష్టవంతురాలు ఓకే. 1830లలో అమెరికాలోని బోస్టన్ పత్రికల వాళ్లకు ఒక సరదా ఉండేది. మాటలను కావాలని తప్పు స్పెల్లింగుతో ఊహించుకుని, ఆ తప్పు స్పెల్లింగులోని మొదటి అక్షరాలను రాసేవారు. "అంతా సరిగ్గా ఉంది" అనే అర్థం వచ్చే ఆల్ కరెక్ట్ అనే మాటలకు ఆ లెక్కన ఓ, కె అనే అక్షరాలు వచ్చాయి. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ఇది అచ్చయింది. ఆల్ రైట్‌కు కూడా ఇలాగే ఓ, డబ్ల్యూ అని రాసేవారు. అది ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

మరి ఓకే ఎందుకు బతికింది? 1840లో మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేశాడు. ఆయన పుట్టిన ఊరు కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ను ఓల్డ్ కిండర్‌హుక్ అనేవారు, ఆ పేరుకూ అవే అక్షరాలు. వారు ఓకే క్లబ్బులు పెట్టుకున్నారు. ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు కానీ ఆ మాట మాత్రం దేశమంతా తిరిగింది. ఈ వివరాలను ఆలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు 1960లలో పాత పత్రికలు వెతికి బయటపెట్టాడు. అంతవరకు ఓకే గురించి ఎవరికి తోచిన కథ వారు చెప్పుకునేవారు.

సెల్‌ఫోన్లు వచ్చాక ఈ అక్షరాల మాటలు ఇంకా పెరిగాయి. మొదటి ఎస్.ఎం.ఎస్. 1992 డిసెంబర్ 3న ఇంగ్లండులో వెళ్లింది. అది క్రిస్మస్ శుభాకాంక్ష. ఒక సందేశంలో 160 అక్షరాలే పట్టేవి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే పట్టేవి. చోటు తక్కువ, బటన్లు చిన్నవి. దాంతో ఎల్.ఓ.ఎల్., ఓ.ఎం.జి. వంటివి పిల్లల వేళ్ల మీదికి వచ్చాయి. అయితే ఓ.ఎం.జి. ఫోన్లతో పుట్టిన మాట కాదు. బ్రిటిష్ నౌకాదళానికి ఒకప్పుడు అధిపతిగా ఉన్న లార్డ్ ఫిషర్ 1917లో విన్‌స్టన్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలోనే అది ఉంది. అప్పటికి ఆ నౌకాధిపతి వయసు 76 ఏళ్లు! ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఈ రెండిటినీ 2011లో చేర్చుకుంది.

ఈ పని ఇంకా ఆగలేదు. అప్లికేషన్‌కు పొట్టి రూపమైన యాప్‌ను అమెరికన్ డయలెక్ట్ సొసైటీ 2010 సంవత్సరపు మాటగా ఎంచింది. ఆకర్షణ అనే అర్థమున్న కరిజ్మా నడుమ నుంచి కోసిన రిజ్ అనే మాటను ఆక్స్‌ఫర్డ్ వారు 2023 సంవత్సరపు మాటగా ప్రకటించారు. రిజ్ అని మా తమ్ముడు అంటే అమ్మకు అర్థం కాదు. మరి యాభై ఏళ్ల తరువాత అది మాబ్ లాగా నిలుస్తుందా, ఫిజ్ లాగా పోతుందా అన్నది వాడేవాళ్లే తేలుస్తారు.

స్థిరపడిందని ఎలా తెలుస్తుంది?

బదిలీ మీద వచ్చిన మనల్ని కొంతకాలం "న్యూ అడ్మిషన్" అంటారు. తరువాత ఎప్పుడో ఆ మాట ఆగిపోతుంది. పొట్టి మాటలకూ అలాంటి దశ ఒకటి ఉంది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో బస్, ఫోన్, ఫ్లూ అనే మాటల ముందు పైన ఒక చిన్న కామా లాంటి గుర్తు ఉండేది. "ఇక్కడ కొంత భాగం వదిలేశాం" అని చెప్పడానికి అపాస్ట్రఫీ పెట్టేవారు. మాట స్థిరపడ్డాక ఆ గుర్తు రాలిపోయింది.

ఇంకో గుర్తు కూడా ఉంది. స్థిరపడిన మాట కొత్త భాషలోని ప్రత్యయాలను తగిలించుకుంటుంది. తెలుగులో మనం బస్సులు, ఫోటోలు, ఫ్రిజ్జులో, మైకుతో అంటున్నాం. ఎవరూ నేర్పకుండానే అమ్మమ్మ వాటిని తెలుగు వ్యాకరణంలో కూర్చేసింది.

మాట బదిలీ అయినప్పుడు అర్థం కూడా కొంత మారవచ్చు. బైసికిల్‌లోంచి ఇంగ్లండువారు బైక్ అనే ముక్క తీసుకున్నారు. మనం సైకిల్ అనే ముక్క తీసుకున్నాం. తరువాత బైక్ కూడా మన దగ్గరికి వచ్చింది. అప్పటికే సైకిల్ ఉంది కాబట్టి, అది మోటారుసైకిల్‌కు పేరైంది. రిక్షా కథ ఇంకా బాగుంటుంది. జపాన్ భాషలో దాని పూర్తి పేరు జిన్‌రికిషా. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. ప్రయాణంలో "మనిషి" జారిపోయి "బలం బండి" మిగిలింది. దానికి ఇంజను బిగించాక ఆటోరిక్షా అన్నాం. ఇప్పుడు రిక్షా కూడా పోయి ఆటో మాత్రమే మిగిలింది. "ఆటో వస్తుందా?" అని అడిగేటప్పుడు మన నోట ఆ జపాన్ మాటలోది ఒక్క అక్షరం కూడా లేదు.

నమ్మకూడని కథలు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. న్యూస్ అనే మాట ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం అనే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలతో వచ్చిందని మనలో చాలామంది విన్నాం. అది నిజం కాదు. న్యూ అంటే కొత్త, దాని బహువచన రూపమే న్యూస్, అంటే కొత్త సంగతులు. అలాగే పోష్ అనే మాట, ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడలో వచ్చే ధనవంతుల టికెట్ల మీద వేసిన ముద్ర నుంచి వచ్చిందనే కథ ఉంది. వెళ్లేటప్పుడు ఎడమ వైపు, వచ్చేటప్పుడు కుడి వైపు ఎండ తగలని గదులు ఇచ్చేవారని చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ అలాంటి ముద్ర ఉన్న టికెట్టు ఒక్కటి కూడా దొరకలేదు, నిఘంటువులు ఆ కథను ఒప్పుకోవు. పాత మాటకు అక్షరాల కథ ఎవరైనా చెబితే, ముందుగా ఒక మంచి నిఘంటువు చూడటం మేలు.

మనం ఏం చేయాలి?

ఇదంతా తెలుసుకున్నాక నాకు రెండు విషయాలు బోధపడ్డాయి. మొదటిది, పొట్టి మాట తప్పు మాట కాదు, కానీ ప్రతి మాటకూ తన చోటు ఉంటుంది. ఎదుటివారికి పూర్తి మాట తెలుసా లేదా అన్నదే కొలత. స్నేహితుడికి పంపే సందేశంలో ఒక్క అక్షరంతో "నువ్వు" అని రాస్తే పర్వాలేదు. ప్రిన్సిపాల్‌గారికి రాసే సెలవు చీటీలోనూ, పరీక్ష జవాబులోనూ అలా రాయకూడదు. ఎందుకంటే పేపర్లు దిద్దేవారు మన గుంపులోవారు కారు. ఎగ్జామ్, ఫోటో వంటివి అందరి మాటలైపోయాయి. బ్రో, లెజిట్ వంటివి ఇంకా కాలేదు. ఒకే మాటకు చోటును బట్టి రెండు అర్థాలు ఉండవచ్చని కూడా గుర్తుంచుకోవాలి. బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు టీసీ అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. రైల్వేవారి పిల్లలకు ముందుగా తట్టేది టికెట్ కలెక్టర్.

రెండో విషయం నాకు ఇంకా ముఖ్యం. ఆరో తరగతిలో నన్ను చూసి నవ్వినవాళ్లు చెడ్డవాళ్లు కారు. అదే పిల్లలు తరువాత నాకు మంచి స్నేహితులయ్యారు. తమకు రోజూ నోట్లో ఉండే మాట ఇంకొకరికి తెలియకపోవచ్చని వారికి తట్టలేదు, అంతే. మనం మాత్రం రెండేళ్లకో మూడేళ్లకో ఊరు మారుతుంటాం కాబట్టి మనకు తట్టాలి. గుంపులోని మాటలు ఊళ్లు దాటేది మనలాంటివాళ్ల వల్లే. షిల్లిబియర్ పారిస్ నుంచి లండన్‌కు బండితో పాటు ఒక మాటను తెచ్చాడు. నేను భోపాల్ నుంచి విజయనగరానికి ఎస్.ఎస్.టి.ని తీసుకెళ్లాను. అది అక్కడ నిలవలేదు. అయినా మావయ్య కొడుకు ఇప్పటికీ నన్ను ఆటపట్టించడానికి "ఎస్.ఎస్.టి. ఎలా చదువుతున్నావు?" అని అడుగుతుంటాడు.

ఈ ఏడాది జూన్‌లో మా బడికి గువాహటి నుంచి ఏడో తరగతిలోకి ఒక అబ్బాయి వచ్చాడు. అంతకుముందు వేరే రకం బడిలో చదివాడట. శనివారం నోటీసు బోర్డు ముందు నిలబడి నాకేసి చూసి, "దీదీ, సి.సి.ఎ. అంటే ఏమిటి?" అని మెల్లగా అడిగాడు. పక్కన ఇద్దరు పిల్లలు నవ్వబోయారు. నేను వాళ్ల వైపు చూసి, "కో కరిక్యులర్ యాక్టివిటీస్, అంటే పాటలు, వక్తృత్వం, క్విజ్ లాంటివి. నీకేం వచ్చు?" అని అడిగాను. తనకు తబలా వచ్చన్నాడు. ఆ మధ్యాహ్నమే వాడి పేరు మా హౌస్ జాబితాలో రాశాను.

మీ తరగతిలోకి కొత్తవాళ్లు వచ్చినప్పుడు మీ పొట్టి మాటలకు పూర్తి మాటలు చెప్పండి. వాళ్ల పాత బడి మాటలు కూడా అడిగి తెలుసుకోండి. వాటిలో ఏది రేపు అందరి మాట అవుతుందో ఎవరికి తెలుసు?